విద్యుత్తును నిలువచేసిన గాస్టన్ ప్లాంటే

సింధనూరు, మాన్వి తాలూకాలలోని మన క్యాంపులలో ట్రాక్టరు లేని వీధి అరుదు. ప్రతి ట్రాక్టరునందును, ప్రతి కారునందును ఒక మూల బరువైన పెట్టె యొకటి యుండును. తాళపుచెవి త్రిప్పగనే ఇంజను కదలుటకు ఆ పెట్టెయే కారణము. దానిని మన మందరమును బ్యాటరీ యనుచున్నాము. కాని దానిని లోకమున కొసగిన వాని పేరు మనలో పెక్కుమంది యెరుగరు. ఆతడే గాస్టన్ ప్లాంటే. ఆ మహనీయుని చరిత్రమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలిపి, దానితోపాటు ఆ పెట్టెయెడ మెలగవలసిన తీరును చెప్పుట మా యుద్దేశము.

ప్లాంటే 1834వ సంవత్సరము ఏప్రిల్ 22వ తేదీన ఫ్రాన్సు దేశపు నైరృతి భాగమునగల ఓర్తెజ్ అను పట్టణమున జన్మించెను. ఆ సీమలో సామాన్య జనుల వాడుక మాట వేరు, రాజధానియందలి ఫ్రెంచి భాష వేరు. ఇంట నొక భాషను, కచేరిలో నొక భాషను వినుచు పెరుగు మన పిల్లలకు అట్టి సీమ క్రొత్తగా తోచదు. 1854లో, ఇరువదియేండ్ల ప్రాయమున, ఆతడు పారిసు నగరమందలి కళలు, వృత్తుల విద్యాలయమున భౌతికశాస్త్ర శాఖలో సహాయకుడుగా చేరెను. విద్యుచ్ఛాస్త్రమున పేరొందిన ఎడ్మండ్ బెక్వెరెల్ కడ పనిచేయు భాగ్య మాతనికి లభించెను.

మరుసటి యేటనే పారిసు సమీపమున ఆతనికి భూమిలో కొన్ని యెముకలు కనబడెను. అవి ఏనాడో అంతరించిన, ఎగురలేని ఒక పెద్ద పక్షివి. శాస్త్రజ్ఞు లా పక్షికి ఈ యువకుని పేరు మీదుగా గాస్టోర్నిస్ అని నామకరణము చేసిరి. కంటబడిన వస్తువును ఊరక దాటిపోక, ఇది యేమి, ఎట్లు కలిగెనని యోచించుట ఆతని స్వభావము.

ఆ దినములలో విద్యుత్తును రసాయనిక ఘటములనుండి పొందెడివారు. లోని పదార్థము తరిగిపోగానే ఘటము నిరుపయోగ మయ్యెడిది. కడవలో నీరు నింపినట్లు విద్యుత్తును నింపి, వాడుకొని, మరల నింపుకొన వీలైన సాధనమును ప్లాంటే 1859లో కల్పించెను. రెండు పొడవైన సీసపు రేకులు తీసికొని, అవి యొకదాని నొకటి తాకకుండ నడుమ రబ్బరు పట్టీల నుంచి, చాపవలె చుట్టి, నీటిలో పలుచన చేసిన గంధకామ్లమున ముంచెను. విద్యుత్తును పంపగా ఒక రేకుపై గోధుమవన్నె పూత యేర్పడెను. పిమ్మట తీగలు కలుపగా ఆ రేకులే విద్యుత్తును తిరిగి యిచ్చెను. మరుసటి సంవత్సరము, అనగా 1860లో, అట్టి ఘటములు తొమ్మిదింటిని కూర్చి ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు ఎదుట ఉంచెను.

ఇది ఒక్క దినమున సిద్ధించిన ఫలము కాదు. రేకులు మిక్కిలి శక్తిని గ్రహింపవలెనన్న, వానిని పలుమారులు నింపుచు, ఖాళీచేయుచు ఎన్నో దినములు ఓర్పుతో సంస్కరింపవలసి వచ్చెడిది. నాటికి మంచి డైనమోలు లేవు గనుక, ఆ నింపుటయు మామూలు ఘటములతోనే జరుగవలెను. 1881లో కామిల్ ఫోర్ అను నాతడు సీసపు రేకులకు సీస సమ్మేళనమును పూసి ఆ పనిని సులభము చేసెను. ప్లాంటే సామాన్య జనులలో విద్యావ్యాప్తికై ఏర్పడిన ఒక సంస్థయందు భౌతికశాస్త్రమును బోధించెను. 1879లో తన పరిశోధనలను గ్రంథరూపమున వెలువరించెను. 1889 మే 21వ తేదీన దివంగతు డయ్యెను. కార్ల్ బెంజ్ పెట్రోలు బండికి 1886లోనే హక్కుపత్రము పొందినను, ఇంజనును బ్యాటరీతో కదల్చు ఏర్పాటు అమెరికా దేశపు కాడిలాక్ కారులో వచ్చినది 1912లో. అంతవరకు చేతికమ్మిని త్రిప్పి, అది ఎదురుతన్నగా చేతులు విరుగగొట్టుకొన్నవారు కలరు. తన పెట్టె ఆ కష్టమును తీర్చుట ప్లాంటే చూడలేదు.

నేటి 12 వోల్టుల బ్యాటరీలోను ఇంచుమించు రెండేసి వోల్టుల ఘటము లారు కలవు. వాడుకొన్నపుడు రెండు తెగల రేకులపైనను లెడ్ సల్ఫేటు ఏర్పడును. చార్జి చేసినపుడు అది కరగును. ఖాళీ బ్యాటరీని అట్లే విడిచినచో ఆ సల్ఫేటు గట్టిపడి, మరల కరగదు. కాలువకు నీరు ఆగి, ట్రాక్టరు షెడ్డులో ఊరకుండు వేసవి నెలలలోనే మన బ్యాటరీలు పెక్కులు చెడుటకు ఇది ముఖ్య కారణము. కావున నెల కొకమారైనను చార్జి చేయవలెను. 80 ఆంపియర్ గంటల బ్యాటరీకి పదియవ వంతు, అనగా 8 ఆంపియర్ల ప్రవాహము చాలును. తొందర కూడదు.

చార్జి అగునపుడు నీరు విడివడి ఉదజని, ఆమ్లజని వాయువులు వెలువడును. ఒక నిప్పురవ్వ చాలును, ఆ మిశ్రమము ప్రేలును. కొన్నియేండ్ల క్రిందట ఒక క్యాంపులో ఒక యువకుడు, నీటి మట్టము చూచుటకై చార్జి అగుచున్న బ్యాటరీపై అగ్గిపుల్ల గీయగా, మూత పగిలి ఆమ్లము మొగముపై పడుట మేము కన్నులార చూచితిమి. ప్రక్కింటి ఇల్లాలు వెంటనే తొట్టిలోని నీటితో చాలసేపు కన్నులు కడిగినందున ఆతని చూపు దక్కినది. ఆ తల్లి చేసిన పనిని మీరందరును గుర్తుంచుకొనుడు: కనీసము 15 నిమిషములు శుభ్రమైన నీటితో కడిగి, పిదప వైద్యుని కడకు పోవలెను.

గాలి బాగుగా ఆడు చోటనే చార్జి చేయుడు. బీడీ, దీపము దరి చేరరాదు. ముందు చార్జరు తీగలు తగిలించి, పిదప మీట వేయవలెను. తీయునపుడు ముందు మీట ఆపవలెను. బండినుండి బ్యాటరీని విప్పునపుడు చట్రమునకు కలిపిన తీగను, అనగా మన బండ్లలో సాధారణముగా ఋణధ్రువపు తీగను, మొదట విప్పి, బిగించునపుడు కడపట బిగింపవలెను. అట్లయిన స్పానరు చట్రమునకు తగిలినను రవ్వ పుట్టదు. మూతలు గల బ్యాటరీలో రేకులు మునుగునట్లు స్వేదన జలమునే పోయవలెను. బోరు నీరు గాని, అదనపు ఆమ్లము గాని పనికిరాదు. మూసివేసిన రకములను తెరువరాదు. పాత బ్యాటరీని ఇంట పగులగొట్టకుడు. సీసము పసిపిల్లల మెదడునకు హానికరము. దానిని అమ్మిన దుకాణమునకే తిరిగి యీయవలెను.

పిల్లలారా! ఈ సాయంకాలము మీ యింటి ట్రాక్టరు కడ నిలిచి, నాయనగారిని ఆ పెట్టెను చూపుమని అడుగుడు. దూరముగా నిలిచి, అది యేమి, ఎట్లు పనిచేయునని ప్రశ్నింపుడు. ప్లాంటే చదువు ఆ ప్రశ్నతోనే మొదలయ్యెను.