జోష్ గిబ్సన్: పుస్తకంల రాయని దెబ్బలు

2024 మే నెలల అమెరికా బేస్‌బాల్ పెద్ద లీగోళ్లు తమ రికార్డు పుస్తకాన్ని తిరగరాసిన్రు. బ్యాటింగ్ సగటుల ఏండ్లకేండ్లు అందరికన్న పైన ఉన్న టై కాబ్ పేరు కిందికి జరిగింది. పైకెక్కిన పేరు జోష్ గిబ్సన్. ఆయన సచ్చిపోయి అప్పటికే 77 ఏండ్లు. గా వార్త చూసినంకనే నేను ఆయన గురించి ఎతికి చదివిన. బేస్‌బాల్ నాకు రాదు, నేను క్రికెట్ చూసి పెరిగినోన్ని. హోమ్ రన్ అంటే మన సిక్సర్ అసొంటిదని తెలిస్తె సాలు, ఈ కథ అర్థమైతది.

1911ల జార్జియా రాష్ట్రంల బ్యూనా విస్టా అనే చిన్న ఊర్ల పుట్టిండు. తండ్రి బతుకుదెరువుకు పిట్స్‌బర్గ్ ఉక్కు ఫ్యాక్టరీకి పోయిండు, ఎనుకనే ఇల్లంత పోయింది. జోష్ సదువు నడుమల్నే ఇడిసిపెట్టి కూలికి ఎక్కిండు. పొద్దుగూకితె ఆట. 1930ల, 18 ఏండ్లకే, హోమ్‌స్టెడ్ గ్రేస్ టీముల చేరిండు. సరిగ్గ గదే ఎండకాలంల ఆయన భార్య హెలెన్ కవల పిల్లల్ని కని పానం ఇడిసింది. పిల్లల్ని ఆమె తల్లిగారోళ్లు సాదిన్రు. ఈయన బస్సెక్కి ఊరూరు తిరిగిండు.

ఎందుకు తిరగాలె? పెద్ద లీగుల నల్లజాతోళ్లకు జాగ లేదు. వద్దని కాయితం మీద ఎక్కడ రాసి ఉండదు, కని 16 టీముల ఓనర్లు ఒక్కరన్న తీసుకోరు. గందుకే నల్లోళ్లు తమ లీగులు తామే పెట్టుకున్నరు. ఒక్కనాడు రెండేసి ఆటలు, హోటల్ల గది ఇయ్యకపోతె బస్సులనే నిద్ర. పిట్స్‌బర్గ్‌ల తెల్లోళ్ల మైదానం కిరాయికి ఇచ్చేటోళ్లు గని, బట్టలు మార్చుకునే గది మాత్రం ఇయ్యకపోయేది. మన మట్కా అసొంటి నంబర్ల దందా నడిపిన గస్ గ్రీన్‌లీ అనే నల్లజాతి ఆసామి 1932ల సొంతంగ మైదానమే కట్టిండు. ఆయన క్రాఫోర్డ్స్ టీముల జోష్, బంతి ఏసుట్ల మొనగాడు సాచెల్ పేజ్, ఇద్దరు ఉన్నరు.

జోష్ క్యాచర్. అంటే బ్యాటర్ ఎనుక ఆటంత గొంతుకూసోని బంతులు పట్టాలె, మోకాళ్లు అరిగే పని. అది చేసుకుంటనే బంతిని అంత దూరం కొట్టెటోడు. వాషింగ్టన్‌ల గ్రిఫిత్ స్టేడియం ఎడమ దిక్కు గోడ 400 అడుగుల పైన దూరం. దాన్ని సుత దాటించిండు. గా స్టేడియం ఓనరు గ్రేస్ ఆటల కాడ కిరాయి తీసుకున్నడు. తన టీమేమో అడుగున పడి ఉండె. అయినా జోష్‌ను తీసుకోలె.

ఆయన్ను నల్ల బేబ్ రూత్ అన్నరు. నాకు ఈ పేరే మింగుడు పడదు. ఎంత కొట్టినా ఇంకొకరి కొలత కర్రతోనే కొలుసుడు.

1943ల మెదడుల గడ్డ ఉన్నదని తేలింది. ఆపరేషన్ వద్దన్నడు. తలనొప్పులు, తాగుడు, దవాఖానలు. గదే ఏడు ఆయన సగటు .466. పదిసార్లల్ల మూడుసార్లు కొట్టినోన్నే మంచి ఆటగాడు అంటరు, ఈయన నాలుగున్నర దాటిండు.

1947 జనవరి 20న, 35 ఏండ్లకే పోయిండు. మూడు నెలలు నిండకముందే, ఏప్రిల్ 15న, జాకీ రాబిన్‌సన్ పెద్ద లీగుల అడుగు పెట్టిండు.

ఇగ లెక్కల సంగతి. ఆయన హోమ్ రన్లు దాదాపు 800 అని 1972ల హాల్ ఆఫ్ ఫేమ్ పలక మీద చెక్కిన్రు. ఇప్పటి పుస్తకంలనేమో రెండు వందలు కూడ లెవ్వు. అబద్ధం కాదిది. పల్లెటూర్లల్ల ఆడిన ఆటలు పుస్తకంల పట్టవు, లీగు ఆటలల్ల గూడ కొన్నిటిని రాసినోడే లేడు. దొరికిన కాయితాలతోనే సగటు .372 తేలింది, కాబ్‌ది .367. తీరొక్క పత్రికలల్ల ఆట ముచ్చట్లు ఎతికి ఏండ్ల తరబడి కూడికలు చేసినోళ్లు లేకపోతె గది గూడ ఉండకపోవు.

పిట్స్‌బర్గ్ అలెగెనీ శ్మశానంల ఆయన్ను పూడ్సిన జాగల పేరు రాసిన రాయి లేకుండె. 1975ల పెట్టిన్రు, హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కించిన మూడేండ్లకు.