కూల్డ్రే దొర

ఇంగ్లండు దేశమున ఆక్స్‌ఫర్డు నగరమునకు దక్షిణముగా, థేమ్సు నది యొడ్డున ఆబింగ్‌డన్ అను చిన్న పట్టణము కలదు. ఆస్వాల్డ్ కూల్డ్రే 1882వ సంవత్సరమున జన్మించి ఆ పట్టణమున పెరిగెను. అది విక్టోరియా రాణి పరిపాలనా కాలము. ఆయన ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చదువు ముగించి, భారతదేశమున విద్యాశాఖలో ఉద్యోగము సంపాదించెను. 1909లో రాజమహేంద్రవరమునందలి ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడయ్యెను.

ఆ కాలమున తెల్లదొరలకును విద్యార్థులకును నడుమ పొత్తు కుదురుట సులభము కాదు. అంతకు రెండేండ్ల క్రిందట, 1907లో, బిపినచంద్రపాలుడు ఆ పట్టణమునకు వచ్చి స్వదేశోద్యమమును గూర్చి ఉపన్యసించెను. వందేమాతర నినాదము చేసిన విద్యార్థులు కొందరు చదువులు కోల్పోయిరి. ఆ గాయము మానకమునుపే కూల్డ్రే అచ్చట అడుగు పెట్టెను.

ఆయన స్వయముగా చిత్రకారుడు, కవి. నీటిరంగులతో చిత్రములు వ్రాయుటయందు ఆయనకు మక్కువ. థేమ్సు తీరమున పెరిగిన ఆ కన్నులకు గోదావరి మిక్కిలి నచ్చెను. విశాలమైన ఆ నదిని, పడవలను, పల్లెలను, ప్రజలను ఆయన ప్రేమతో పరిశీలించెను.

పాశ్చాత్యుల చిత్రములను చూచి అనుకరించుటయే గొప్ప విద్యయని పలువురు తలచు దినములవి. కూల్డ్రే ఆంగ్లేయుడై యుండియు అట్లు బోధింపలేదు. అజంతా గుహలలోని ప్రాచీన చిత్రముల గొప్పతనమును శిష్యులకు తెలియజెప్పెను. తమ దేశమును, తమ ప్రజలను చూచి చిత్రింపుడని, వ్రాయుడని ప్రోత్సహించెను.

ఆయన ప్రోత్సాహమును పొందినవారిలో దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు ముఖ్యులు. వెంకటరావు కవియై, కథకుడై పేరొందెను. బాపిరాజు చిత్రకారుడగుటయే గాక, నారాయణరావు మున్నగు నవలలు రచించెను. రామారావు 1897లో జన్మించిన బాలుడు. అతని చేతివ్రాలులోని శక్తిని కూల్డ్రే గుర్తించెను. ఆయన తోడ్పాటుతో రామారావు 1916లో బొంబాయిలోని సర్ జె. జె. కళాపాఠశాలలో చేరెను.

ఇంతలో కూల్డ్రేకు ఒక కష్టము ప్రాప్తించెను. ఆయన వినికిడి నానాటికి సన్నగిల్లెను. విద్యార్థుల మాట వినబడనిచో గురువు పాఠమెట్లు చెప్పగలడు? 1919లో ఆయన ఉద్యోగము విడిచి స్వదేశమునకు మరలిపోయెను. పదియేండ్ల అనుబంధము అంతటితో ముగిసినట్లు కనబడెను. కాని ఆయన గోదావరిని మరువలేదు. 1920లో ప్రకటించిన తన కవితా సంపుటికి థేమ్సు, గోదావరి నదుల పేర్లను జోడించి పెట్టెను. 1924లో దక్షిణ భారతమును గూర్చిన మరియొక గ్రంథమును వెలువరించెను.

ఇచ్చట శిష్యుడును గురువు నమ్మకమును నిలిపెను. రామారావు చిత్రించిన ‘ఋష్యశృంగ బంధనము’ 1922లో కలకత్తా ప్రదర్శనమున రాజప్రతినిధి బహుమతిని పొందెను. మరుసటి యేట అతడు రాజమహేంద్రవరముననే చిత్రకళా సంఘమును స్థాపించి, తనకు లభించిన విద్యను ఇతరులకు నేర్పసాగెను. కాని 1925 ఫిబ్రవరిలో మశూచికము సోకి, ఇరువది యెనిమిదేండ్లు నిండకుండగనే మరణించెను. అతడు ప్రారంభించిన పనిని అతని మిత్రుడు వరదా వెంకటరత్నము మున్నగువారు కొనసాగించిరి.

కూల్డ్రే శిష్యుని మరణానంతరము ముప్పది మూడేండ్లు జీవించి 1958లో పరమపదించెను. స్వదేశమునందును ఆయన కుంచెను విడువలేదు. ఆయన ఇచ్చట పనిచేసినది పదియేండ్లు మాత్రమే. ఆ కొలది కాలములో పాలకుల జాతికి చెందిన ఆ గురువు, పాలితులైన బాలురకు తమ దేశపు కళను గౌరవించుట నేర్పెను. రాజమహేంద్రవరమునందలి దామెర్ల రామారావు చిత్రశాలను దర్శించువారు శిష్యునితోపాటు ఆ గురువును కూడ స్మరింపవలెను.