పంతులమ్మ.. ముప్పయ్యో ఏట నర్సమ్మ

డిగ్రీ అయింది. నాలుగైదేళ్లు ఏదో ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పారు. ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తే దగ్గరుండి చూసుకున్నారు. తనకు నచ్చిన పని ఇదేనని అప్పుడు తెలిసొచ్చింది. తీరా నర్సింగ్‌లో చేరదామంటే, ఈ వయసులో ఇంటర్ పాసై వచ్చిన పిల్లల పక్కన కూర్చుని మళ్లీ మొదటి సంవత్సరమా అని వెనకడుగు! బళ్లారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో మన ఇళ్లలో ఈ మాట కొత్తేం కాదు.

సరిగ్గా ఈ మలుపు దగ్గరే 1895లో ఇంగ్లండులో ఒకావిడ నిలబడింది. అప్పుడామెకు ముప్పై ఏళ్లు. పేరు ఎడిత్ కావెల్. మొదటి ప్రపంచ యుద్ధం గురించి చదివినవాళ్లకు ఆమె ఎలా చనిపోయిందో తెలుసు. అంతకుముందు ఆమె ఏం చదివింది, ఎలా చదివింది అన్నది మాత్రం పెద్దగా ఎవరూ చెప్పరు. అసలు కథ అక్కడే ఉంది.

పరువుంది.. డబ్బు లేదు

ఎడిత్ 1865 డిసెంబర్ 4న నార్‌ఫోక్ ప్రాంతంలోని స్వార్డెస్టన్ అనే చిన్న పల్లెలో పుట్టింది. తండ్రి ఫ్రెడరిక్ ఆ ఊరి చర్చికి గురువు. నలుగురు పిల్లల్లో ఎడిత్ పెద్దది. ఇద్దరు చెల్లెళ్లు, ఒక తమ్ముడు. మన పల్లెల్లో పూజారి గారి ఇంటిలాంటిదే ఆ ఇల్లు. ఊళ్లో గౌరవానికి లోటు లేదు, చేతిలో మాత్రం పైసా నిలవదు. ఆదివారం వండిన దాంట్లోంచి పేదల ఇళ్లకు వాటా వెళ్లాకే ఇంట్లోవాళ్లు తినేవారట.

చదువు కొన్నాళ్లు ఇంట్లో, కొన్నాళ్లు బోర్డింగ్ స్కూళ్లలో సాగింది. పీటర్‌బరోలోని లారెల్ కోర్ట్ స్కూల్లో ఫ్రెంచి బాగా పట్టుబడింది. ఆ ఫ్రెంచి ముందు ముందు ఎక్కడికి తీసుకెళ్తుందో అప్పుడామెకు తెలియదు.

ఆ రోజుల్లో చదువుకున్న, ఆస్తిలేని ఆడపిల్లకు పరువైన ఉద్యోగం అంటే ఒక్కటే. గవర్నెస్. అంటే డబ్బున్నవాళ్ల ఇంట్లోనే ఉంటూ పిల్లలకు చదువు చెప్పే పంతులమ్మ. పనివాళ్లతో కలవలేదు, యజమానులతో సమానమూ కాదు. మధ్యలో వేలాడే బతుకు. 1886 నుంచి ఎడిత్ అలా రెండు మూడు కుటుంబాల దగ్గర పనిచేసింది. 1890లో బెల్జియం వెళ్లింది. బ్రసెల్స్‌లో ఫ్రాన్సువా అనే కుటుంబంలో ఐదేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పింది.

నర్సింగ్ వైపు మనసు ఎప్పుడు మళ్లిందంటే ఇదమిత్థంగా చెప్పలేం. ఒకసారి కొద్దిపాటి వారసత్వపు సొమ్ము చేతికొస్తే ఆస్ట్రియా, బవేరియా తిరిగొచ్చింది. బవేరియాలో ఒక ఉచిత ఆసుపత్రి చూసి, ఉన్న సొమ్ములోంచే పరికరాల కోసం కొంత ఇచ్చింది. 1895లో తండ్రికి జబ్బు చేసింది. బ్రసెల్స్ ఉద్యోగం వదిలేసి వచ్చి ఆయన్ను చూసుకుంది. తండ్రి కోలుకున్నాడు. ఆమె మాత్రం మళ్లీ పంతులమ్మ ఉద్యోగానికి వెళ్లలేదు.

ఏ దారిన వెళ్లాలి?

ఇక్కడ కాస్త ఆగాలి. అప్పట్లో ఇంగ్లండులో నర్సులకు ప్రభుత్వ రిజిస్టరంటూ లేదు. ఆ చట్టం వచ్చింది 1919లో. అంతవరకు ఎవరైనా సరే నేను నర్సునని చెప్పుకోవచ్చు. అడిగేవాళ్లు లేరు. ఫ్రెంచి వచ్చిన, మర్యాద తెలిసిన ఎడిత్ లాంటి మనిషి ఏ సంపన్న రోగి ఇంట్లోనైనా తేలిగ్గా కుదురుకునేది. అది దగ్గరి దారి.

రెండో దారి ఆసుపత్రి శిక్షణ. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట స్కూలు పెట్టాక పెద్దాసుపత్రులన్నీ నర్సులకు శిక్షణ మొదలెట్టాయి. కొన్నిచోట్ల డబ్బున్న ఆడవాళ్లు ఫీజు కట్టి చేరేవారు. లేనివాళ్లు ప్రొబేషనర్‌గా చేరాలి. అంటే కొద్దిపాటి జీతం తీసుకుంటూ, వార్డులో చాకిరీ చేస్తూ నేర్చుకోవాలి. రిజిస్టర్ లేదు కాబట్టి ఏ ఆసుపత్రి సర్టిఫికెట్ అన్నదాన్ని బట్టే విలువ.

మన దగ్గర ఇప్పుడు లెక్క వేరు. జీఎన్‌ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. బీఎస్సీకి ఇంటర్‌లో బయాలజీ ఉండాలి. ఆర్ట్స్ చదివినవాళ్లకు జీఎన్‌ఎం దారి ఉంది. వయసు నిబంధన ఏమిటో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. కాలేజీ పేరు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఎవరి సర్టిఫికెట్ అన్న ప్రశ్న మాత్రం నూట పాతికేళ్లయినా మారలేదు.

ఎడిత్ తెలివైన పని ఒకటి చేసింది. పెద్ద చదువులోకి దిగేముందు, ఈ పని తన ఒంటికి పడుతుందో లేదో చూసుకుంది. 1895 డిసెంబర్‌లో లండన్ టూటింగ్‌లోని ఫౌంటెన్ ఫీవర్ హాస్పిటల్‌లో అసిస్టెంట్ నర్సుగా, అదీ రెండో తరగతి నర్సుగా చేరింది. అంటువ్యాధుల ఆసుపత్రి అది. కొన్ని నెలలు చేశాక 1896 ఏప్రిల్‌లో వైట్‌చాపెల్‌లోని లండన్ హాస్పిటల్‌కు ప్రొబేషనర్‌గా దరఖాస్తు పెట్టింది. లండన్‌లో పేదలుండే తూర్పు భాగంలోని పెద్దాసుపత్రి అది. నర్సుల్ని వార్డులోకి పంపే ముందే కొన్ని వారాలు విడిగా పాఠాలు చెప్పే ప్రాథమిక శిక్షణ స్కూలును ఆ ఆసుపత్రి ఏడాది ముందే, 1895లో మొదలెట్టింది. చేర్చుకుని రెండేళ్లు శిక్షణ ఇచ్చేవారు. నడిపేది మేట్రన్ ఈవా లూకెస్. పేరు చెబితే వార్డులో చప్పుడు ఆగిపోయే మనిషి.

మేట్రన్ రాసిన మాట

పదేళ్లు ఇంకొకరికి చదువు చెప్పిన మనిషి, ముప్పై దాటాక మంచం కింద పాత్రలు కడిగే పనికి దిగింది. తనకంటే చిన్నవాళ్లు పైన కూర్చుని ఆజ్ఞలు వేస్తుంటే విని చేసింది. బాగా చేసిందా? మేట్రన్ లూకెస్ రిజిస్టర్‌లో రాసింది చూస్తే ఆశ్చర్యమేస్తుంది. మనసు పెడితే చేయగల శక్తి ఉందిగానీ టైముకు రాదని, పూర్తిగా నమ్మి వదలలేమని రాసింది. పాఠాల్లో మేలు, చేతిపనిలో అంతకు తక్కువ అని కూడా. తనంతటి తానే అన్నట్టుండే తీరు పక్కవాళ్లకు నచ్చదని ఇంకో చురక. మొత్తమ్మీద ఓ మాదిరి మంచి నర్సు అవుతుందని తేల్చింది.

పాఠాల్లో మేలు, పనిలో తక్కువ. టీచర్ ఉద్యోగం మాని వచ్చినవాళ్లకు ఇప్పటికీ వార్డు సిస్టర్లు అంటించే మాటే ఇది! నోట్స్ రాయడం చేతనైన మనిషికి సిరంజి పట్టడం అంత తొందరగా చేతనవదు. మేట్రన్ అన్యాయంగా రాసిందని నేననుకోను. కానీ ఆ చదువులో ఎడిత్‌కు ఎదురైన అసలు పరీక్ష రిజిస్టర్‌లో లేదు. అది మెయిడ్‌స్టన్‌లో ఉంది.

1897లో కెంట్ ప్రాంతంలోని ఆ ఊళ్లో తాగునీరు చెడిపోయి టైఫాయిడ్ విరుచుకుపడింది. పదిహేడు వందల మందికి పైగా మంచం పట్టారు. యాంటీబయాటిక్స్ లేని కాలం. ఒళ్లు తుడవడం, ద్రవాహారం పట్టడం, బట్టలు మార్చడం, మలమూత్రాలను జాగ్రత్తగా పారబోయడం.. రోగి బతికేది నర్సు చేతి మీదే. లండన్ హాస్పిటల్ పంపిన నర్సుల్లో ఎడిత్ ఒకతె. చనిపోయినవాళ్లు 132 మంది. మిగతావాళ్లు లేచి తిరిగారు. ఊరివాళ్లు నర్సులకు పతకాలిచ్చారు. ఎడిత్‌కూ ఒకటి దక్కింది. అక్కడ ఆమె బాగా పనిచేసిందని మేట్రన్ కూడా ఒప్పుకోక తప్పలేదు.

తర్వాత కొన్నేళ్లు పెద్ద పేరు లేని పనులే. రోగుల ఇళ్లకు వెళ్లి నర్సింగ్ చేసింది. సెయింట్ పాంక్రాస్‌లో పేదల ఆసుపత్రికి రాత్రి సూపరింటెండెంట్‌గా, షోర్‌డిచ్‌లో అసిస్టెంట్ మేట్రన్‌గా చేసింది. షోర్‌డిచ్‌లో ఉన్నప్పుడు డిశ్చార్జి అయిన రోగుల ఇళ్లకు వెళ్లి ఎలా ఉన్నారో చూసొచ్చేదట. నలభై దాటినా పెద్ద పదవి రాలేదు.

పాత ఉద్యోగమే తలుపు తీసింది

అప్పుడు బ్రసెల్స్ నుంచి పిలుపొచ్చింది. డాక్టర్ ఆంట్వాన్ దెపాజ్ అనే సర్జన్, బెల్జియంలో ఆధునిక నర్సింగ్ స్కూలు పెట్టాలని తలపెట్టారు. అక్కడి ఆసుపత్రుల్లో రోగుల సేవ ఎక్కువగా సన్యాసినుల చేతుల్లో ఉండేది. వాళ్ల భక్తికి వంక పెట్టలేం. కొత్తగా వచ్చిన క్రిమిరహిత శస్త్రచికిత్స పద్ధతులు మాత్రం వాళ్లకు తెలియవు. స్కూలు నడపడానికి ఇంగ్లిష్ శిక్షణ ఉన్న మేట్రన్ కావాలి. ఆమెకు ఫ్రెంచి వచ్చి ఉండాలి. ఫ్రాన్సువా కుటుంబానికి తమ పాత పంతులమ్మ గుర్తొచ్చింది.

లండన్‌లో ఆమెకంటే మంచి రిపోర్టున్న నర్సులు ఉండే ఉంటారు. వాళ్లలో ఎందరు బ్రసెల్స్ అమ్మాయిలకు బ్రసెల్స్ భాషలో పాఠం చెప్పగలరు? ఇంట్లో తెలుగు, వార్డులో కన్నడమో తమిళమో ఒడియానో మాట్లాడి నెగ్గుకొచ్చే మనవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

1907 అక్టోబర్ 1న స్కూలు మొదలైంది. విద్యార్థినులు నలుగురైదుగురే. మంచి కుటుంబాల అమ్మాయిలు జీతానికి పనిచేయడమే నామోషీ అనుకునే ఊరది. రోగుల ఒళ్లు తుడిచే పనంటే ఇక చెప్పేదేముంది? తల్లిదండ్రులు పంపలేదు. ఎడిత్ ఓపిగ్గా లాక్కొచ్చింది. బెల్జియం రాణి చెయ్యి విరిగినప్పుడు ఈ స్కూలు నుంచే నర్సును పిలిపించుకుందట. దాంతో జనం నోళ్లు కొంత మూతపడ్డాయి. 1912 నాటికి ఈ స్కూలు మూడు ఆసుపత్రులకు, 24 పాఠశాలలకు, 13 శిశు పాఠశాలలకు నర్సుల్ని ఇస్తోంది. 1910లో నర్సుల కోసం ఫ్రెంచిలో ఒక పత్రిక కూడా తెచ్చింది.

ఇంకో సంగతి. పొద్దున ఫలహారం బల్ల దగ్గర ఎడిత్ గడియారం ఎదురుగా పెట్టుకుని కూర్చునేది. రెండు నిమిషాలు దాటి వచ్చిన అమ్మాయికి రెండు గంటల ఖాళీ సమయం కోత. టైముకు రాదని మేట్రన్ రాసింది ఈవిడ గురించేనా!

యుద్ధం వచ్చింది

1914 వేసవిలో తల్లిని చూడ్డానికి ఇంగ్లండు వచ్చి ఉంది. యుద్ధం వార్త వినగానే ఇంట్లోవాళ్లు వద్దన్నా బ్రసెల్స్ వెళ్లిపోయింది. ఆగస్టు 20న జర్మన్ సైన్యం ఊళ్లోకి దిగింది. స్కూలు రెడ్‌క్రాస్ ఆసుపత్రి అయింది. గాయపడింది జర్మన్ అయినా, బెల్జియన్ అయినా ఒకే రకంగా చూడాలని నర్సులకు చెప్పింది. అలాగే చూశారు.

నవంబర్‌లో దారి తప్పిన ఇద్దరు ఇంగ్లిష్ సైనికులు తలుపు తట్టారు. లోపలికి రానిచ్చింది. అక్కణ్నుంచి మొదలై సుమారు 200 మంది సైనికులు ఆమె, ఆమె మిత్రుల సాయంతో హాలెండ్ సరిహద్దు దాటారు. ఒక రాజకుటుంబీకుడు, ఒక ఆర్కిటెక్టు, ఒక స్కూలు టీచరు.. రకరకాల మనుషులు ఆ గొలుసులో ఉన్నారు. ఆ గొలుసు ద్వారా సైనిక సమాచారం కూడా వెళ్లిందని చూపే ఆధారాలు 2015లో బయటికొచ్చాయి. రెడ్‌క్రాస్ గుర్తు కింద ఉండి ఆ పని చేయొచ్చా అన్న వాదన ఇప్పటికీ ఉంది. ఆ వాదనలో పస లేదనలేం. ఇంటి గుమ్మం ముందు నిలబడ్డ గాయపడ్డ మనిషిని ఆమె వెనక్కి పంపలేకపోయింది. ఆ మాటా అబద్ధం కాదు.

1915 ఆగస్టు 5న అరెస్టు చేశారు. విచారణలో ఏదీ దాచలేదు. చేసిందంతా ఒప్పుకుంది. విచారించిన 35 మందిలో ఐదుగురికి మరణశిక్ష పడింది. అమెరికా, స్పెయిన్ రాయబారులు అడ్డుపడ్డా ఫలితం లేకపోయింది. అక్టోబర్ 12 తెల్లవారుజామున ఎడిత్‌ను, ఆర్కిటెక్టు ఫిలిప్ బోక్‌ను కాల్చేశారు. మిగతా ముగ్గురూ బతికి బయటపడ్డారు. ఎడిత్‌కు అప్పటికి 49 ఏళ్లు. 1919లో ఆమె భౌతికకాయాన్ని ఇంగ్లండుకు తెచ్చి నార్విచ్ చర్చి పక్కన ఖననం చేశారు. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర విగ్రహం, కెనడాలో ఆమె పేరుతో ఒక పర్వతం ఉన్నాయి.

అరెస్టయ్యే నాటికి స్కూలును ఉక్లే ప్రాంతంలోని సొంత భవనంలోకి మార్చే పని నడుస్తోంది. జైలు గదిలోంచే ఆ సంగతులు కనుక్కునేది. చనిపోవడానికి రెండు రోజుల ముందు, అక్టోబర్ 10న తన నర్సులకు ఫ్రెంచిలో ఉత్తరం రాసింది. యుద్ధం గురించి కాదు, స్కూలు గురించి. 1907లో చేరిన ఆ కొద్దిమంది పిల్లల్ని గుర్తు చేసుకుంది. సాయంత్రం పాఠాలు సరిగా సాగనందుకు నొచ్చుకుంది. కొన్నిసార్లు మరీ కటువుగా ఉన్నానేమోగానీ తెలిసి ఎవరికీ అన్యాయం చేయలేదని, వాళ్లు అనుకున్నదానికంటే ఎక్కువగానే ప్రేమించానని రాసింది. ఆ గడియారం గుర్తొచ్చే రాసి ఉంటుంది.