బురదలో బుడగల వెంట వెళ్లిన వోల్టా

ఇంట్లో ఏ చార్జర్ వెనక చూసినా, ఏ బల్బు అట్టపెట్టె మీద చూసినా వోల్ట్ అన్న మాట కనిపిస్తుంది. బ్యాటరీని కనిపెట్టిన అలెసాండ్రో వోల్టా పేరు మీద వచ్చిన కొలత అది. మన పిల్లలు సైన్స్ పుస్తకంలో ఆయన గురించి చదివేది దాదాపు అంతవరకే. కానీ బ్యాటరీకి 24 ఏళ్ల ముందే ఆయన ఒక సరస్సు ఒడ్డున బురద కెలికి మరో విషయం కనిపెట్టారు. నేడు భూమి వేడెక్కడం గురించిన ప్రతి చర్చలోనూ వినిపించే మీథేన్ వాయువే అది.

వోల్టా 1745 ఫిబ్రవరి 18న ఉత్తర ఇటలీలోని కోమో పట్టణంలో పుట్టారు. నాలుగేళ్లు వచ్చేదాకా ఆయనకు సరిగా మాటలు రాలేదు. బిడ్డకు బుద్ధి మాంద్యం ఉందేమోనని ఇంట్లోవాళ్లు బెంగ పెట్టుకున్నారు. ఏడేళ్లు వచ్చేసరికి ఆయన తోటి పిల్లలను అందుకోవడమే కాదు, దాటిపోయారు కూడా. దాదాపు ఆ వయసులోనే తండ్రి చనిపోవడంతో బంధువులే పెంచారు. బడిలో జెస్యూట్ గురువులు తమ మఠంలో చేరమన్నారు. ఇంట్లోవాళ్లు లా చదవమన్నారు. ఆయన మనసు మాత్రం కరెంటు మీద, ప్రకృతి మీద నిలిచింది. యూనివర్సిటీకి వెళ్లకుండానే సొంతంగా చదువుకున్నారు. 18 ఏళ్లకే యూరప్‌లో విద్యుత్తు మీద పనిచేస్తున్న పెద్ద పండితులకు ఉత్తరాలు రాశారు.

1776లో ఆయన కోమోలోని బడిలో పనిచేస్తున్నారు. అమెరికాలో కొన్ని చోట్ల నీటి మీద మంట పుడుతోందని బెంజమిన్ ఫ్రాంక్లిన్ రాసిన సంగతి అప్పటికే యూరప్‌కు చేరింది. ఆ ఏడాదే కార్లో కాంపి అనే మతగురువు, వోల్టా మిత్రుడు, ఇటలీలోనే మండే గాలి వచ్చే ఒక ఊటను గుర్తించారు. అలాంటిది ఇంకెక్కడ దొరుకుతుందా అని వోల్టా వెతకడం మొదలుపెట్టారు. నవంబరులో మజ్జోరే సరస్సు ఒడ్డున ఉన్న అంజేరా దగ్గర, రెల్లు పెరిగిన లోతు తక్కువ నీటిలో కర్రతో అడుగు బురదను కదిపారు. బుడగలు పైకొచ్చాయి. నీళ్లు నింపిన సీసాను బోర్లించి ఆ బుడగలను పట్టారు. దానికి నిప్పు చూపిస్తే నీలి మంటతో నెమ్మదిగా మండింది.

చాలామంది ఆ వింతను చూసి అక్కడితో ఆగిపోయేవారే. వోల్టా కొలవడం మొదలుపెట్టారు. ఇనుము మీద యాసిడ్ పోస్తే వచ్చే మండే గాలి, అంటే నేటి హైడ్రోజన్, అప్పటికే తెలుసు. ఇది అది కాదని ఆయన తేల్చారు. హైడ్రోజన్ పూర్తిగా మండడానికి దానికి రెండున్నర రెట్ల గాలి చాలు. ఈ చిత్తడి వాయువుకు సుమారు పది రెట్లు కావాలి. మూసిన గొట్టంలో రెంటినీ గాలితో కలిపి, విద్యుత్ నిప్పురవ్వతో మండించి, మిగిలినదెంతో కొలిచే పరికరాన్ని ఆయన తయారుచేసుకున్నారు. అడుగున కుళ్లుతున్న మొక్కల, జంతువుల అవశేషాల నుంచే ఈ వాయువు వస్తోందని సరిగ్గా ఊహించారు. 1777లో ఈ సంగతులను ఏడు ఉత్తరాలుగా ప్రచురించారు.

1779లో పావియా యూనివర్సిటీ ఆయనను ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా తీసుకుంది. 1800లో రాగి లేదా వెండి బిళ్లలు, జింకు బిళ్లలు, ఉప్పునీటిలో తడిపిన అట్టలు పేర్చి తొలి బ్యాటరీని ప్రపంచానికి చూపారు. మరుసటి ఏడాది పారిస్‌లో నెపోలియన్ ఎదుట ప్రదర్శించారు. 1827 మార్చి 5న, 82 ఏళ్ల వయసులో, కోమో దగ్గరి కామ్నాగోలో కన్నుమూశారు.

బురదలో ఆ వాయువును ఎవరు తయారుచేస్తున్నారో ఆయన జీవితకాలంలో తెలియలేదు. చేసేది కంటికి కనిపించని సూక్ష్మజీవులని తర్వాతి తరాలు తేల్చాయి. ఆయన ఉత్తరాలు అచ్చయిన సరిగ్గా 200 ఏళ్లకు, 1977లో, అమెరికాలో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ ఈ జీవులు బ్యాక్టీరియా కావని, ఆర్కియా అనే వేరే వర్గానికి చెందినవని చూపారు.

ఇవి ఎంత మీథేన్ చేస్తాయో మట్టి రసాయనమే నిర్ణయిస్తుంది. పెళ్లి భోజనాల్లో ఆఖరి బంతిని ఊహించుకోండి. బురదలో ఆక్సిజన్ ఉన్నంతసేపు దాన్ని వాడుకునే జీవులదే మొదటి బంతి. అది అయిపోతే నైట్రేట్, తర్వాత ఇనుము, ఆ తర్వాత సల్ఫేట్ వాడుకునే జీవులు కూర్చుంటాయి. అన్నీ ఖాళీ అయ్యాకే మీథేన్ జీవుల వంతు. అందుకే సల్ఫేట్ ఎక్కువగా ఉన్న మట్టిలో మీథేన్ తగ్గుతుంది.

ఉత్తర దేశాల్లో చలి చిత్తడి నేలలు చాలా ఉన్నాయి. నాచు, మొక్కలు సగం కుళ్లి వేల ఏళ్లుగా పొరలుగా పేరుకుంటే పీట్ అవుతుంది. వాన నీరే ఆధారమైన పీట్ నేలల్లో స్ఫాగ్నమ్ అనే నాచు మట్టిని పుల్లగా మారుస్తుంది. అక్కడ మీథేన్ జీవులు ఎక్కువగా హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌తో బతుకుతాయి. భూగర్భజలం చేరి పులుపు తగ్గిన చోట, వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం కూడా వాటికి మంచి మేత.

భూమి మీద నేలలో సుమారు 3 శాతమే పీట్. అయినా ప్రపంచంలోని అడవుల చెట్లన్నిటిలో ఉన్నదాని కంటే ఎక్కువ కార్బన్ అందులో దాగి ఉంది. వందేళ్ల లెక్కలో మీథేన్ అదే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. పోనీ పీట్ నేలను ఎండగడితే మీథేన్ తగ్గుతుంది కానీ, గాలి తగిలి పీట్ కుళ్లి కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. ఏ నేలను ఎంత తడిగా ఉంచాలన్నది మన పిల్లల తరం తేల్చుకోవాల్సిన లెక్క.

ఈ కథ మనకు దూరమేమీ కాదు. గోబర్ గ్యాస్ ట్యాంకులో పనిచేసేవీ ఈ జీవులే. గోదావరి, కృష్ణా డెల్టాల్లో నీరు నిలిచిన వరిమడిలో ఉండేవీ ఇవే. మడిని మధ్యమధ్యలో ఆరబెట్టే ఆరుతడి సాగులో మట్టికి గాలి తగిలి మీథేన్ తగ్గుతుంది, నీరూ ఆదా అవుతుంది.

మాటలు ఆలస్యమైన పిల్లలను డాక్టరుకు చూపించాల్సిందే. అయితే వోల్టా బాల్యం మరో విషయం కూడా చెబుతుంది. నాలుగేళ్ల వయసులో పిల్లవాడి మీద వేసిన అంచనా ఆఖరి మాట కాదు. ఈ సెలవుల్లో ఊరెళితే, పిల్లలను పెద్దవాళ్ల తోడుతో చెరువు గట్టుకు తీసుకెళ్లండి. నీటి మీదికి వచ్చే బుడగలను చూపించండి, అగ్గిపుల్ల మాత్రం ఇంట్లోనే ఉంచండి. అవి ఎందుకు వస్తున్నాయని అడిగితే వెంటనే జవాబు చెప్పేయకండి. ముందు వాళ్లనే ఊహించనివ్వండి.