శిస్తు తగ్గించమన్న కలెక్టరు

మన ఎర్రగుంట్ల ప్రాంతపు మెట్ట రైతుకు వాన తప్పితే వేరే దిక్కు లేదు. ఈ నేలకు శిస్తు ఎంతో తేల్చే పని 1800లో థామస్ మన్రో గారి చేతికి వచ్చింది. 1761లో గ్లాస్గోలో పుట్టి, కంపెనీ సైన్యంలో చేరి మద్రాసుకు వచ్చినవారాయన. నిజాం వదులుకున్న దత్తమండలాలకు ప్రధాన కలెక్టరు అయ్యారు.

పాళెగాళ్ల పట్ల ఆయన చాలా కఠినంగా ఉన్నారు. అది దాచిపెట్టి పొగడటం మాకిష్టం లేదు. అయితే ఊరూరా డేరాలు వేసుకొని తిరిగారు, పొలాలు కొలిపించారు, రైతు పేరనే పట్టా రాయించారు. తాము వేసిన శిస్తే బరువని ఆయన గ్రహించారు. 1807లో సెలవు మీద వెళ్తూ నూటికి 25 వంతులు తగ్గించమని పైవారికి రాశారు. వారు వినలేదు సరికదా, గ్రామాలను గుత్తకిచ్చారు. రైతు నలిగిపోయాడు. 1820లో మన్రో గారు మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చాక గాని ఆ తగ్గింపు అమలు కాలేదు.

1827లో స్వదేశానికి బయలుదేరే ముందు ఈ సీమను మరొక్కసారి చూడాలని వచ్చారు. జూలై 6న పత్తికొండలో కలరా సోకి మరణించారు. గుత్తిలో సమాధి చేసి, తరువాత అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. ఇక్కడి జనం తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.