డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరమున 1895 జనవరి 12వ తేదిన యల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. కుటుంబము బీదది. బాల్యమున ఇతడు చదువులో రాణింపలేదు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు చెన్నపురిలో కృతార్థుడయ్యెను. రాజమహేంద్రవరము నుండి చెన్నపురికి పోవు రైలుమార్గము మన సింగరాయకొండ మీదుగనే పోవును గదా!

చెన్నపురి వైద్యకళాశాలలో చదువునప్పుడు ఇతడు ఖద్దరు వస్త్రములు ధరించి శస్త్రశాలకు వచ్చి, ఒక ఆచార్యుని ఆగ్రహమునకు గురియయ్యెను. అందుచే ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగ ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను. ఇద్దరు సోదరులు స్వల్పవ్యవధిలో ప్రేగుల వ్యాధికి బలియైరి. ఇతనికిని ఆ వ్యాధియే సోకగా, ఆయుర్వేద వైద్యులగు డాక్టరు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సచే స్వస్థత కలిగెను. రోగముల మూలమును కనుగొనవలెనను పట్టుదల వీరి హృదయమున స్థిరపడెను.

మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధియు తోడ్పడగా, 1922 అక్టోబరులో సుబ్బారావు అమెరికాలోని బోస్టను నగరము చేరెను. అచ్చట ఆసుపత్రిలో సేవకుడుగ పనిచేసి పొట్టపోసికొనుచు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివెను. 1925లో సైరస్ ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కలసి, రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను.

ఆ కొలమానముతోనే వారు కండరములను పరీక్షించిరి. కండరము పనిచేయునప్పుడు దానిలోని ఫాస్ఫోక్రియాటిను అను పదార్థము తరుగుచు, విశ్రాంతిలో మరల నిండుచున్నదని 1927లో వెల్లడించిరి. 1929లో ఏ.టి.పి. అను శక్తిద్రవ్యమును కండరము నుండి వేరుచేసిరి. జర్మనీలో లోమన్ అను పండితుడును అదే కాలమున దానిని కనుగొనెను. కండరము ఎట్లు కదలుచున్నదో అంతవరకు గల అభిప్రాయము దీనితో మారిపోయెను.

సుబ్బారావు మధుమేహమును గూర్చి పరిశోధింపలేదు. అయినను ఆయన శోధించిన కండరమే నేడు ఆ వ్యాధి చర్చలో ముఖ్యస్థానమును పొందినది. ఇన్సులిను ప్రేరణచే రక్తమును వీడు చక్కెరలో అధికభాగమును కండరములే గ్రహించి, గ్లైకోజెను రూపమున దాచుకొనును, లేక శక్తికై వ్యయపరచును. గాదె పెద్దదైన ధాన్యము నేలపాలు కాదు. గాదె చిన్నదైనను, నిండియే యున్నను చక్కెర రక్తమున నిలిచిపోవును. క్రియాటిను నుండి పుట్టు క్రియాటినిను కండబలమునకు ఒక సూచిక. రక్తమున అది తక్కువగ నున్నవారికి మధుమేహము వచ్చు అవకాశము ఎక్కువయని 2009లో జపాను వైద్యులు ప్రకటించిరి. శరీరపు బరువులో కండరభాగము హెచ్చుగ నున్నవారిలో ఇన్సులిను చక్కగ పనిచేయుచున్నదని 2011లో అమెరికా పరిశోధకులు తెలిపిరి. వంశము, ఆహారము, పొట్ట కొవ్వు అనునవియు కారణములే. కావున కండ యొక్కటే రక్షయని తలపరాదు. మన దేశీయులలో సమానమైన బరువుగల ఐరోపావాసులకంటె కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. సన్నగ నున్నవారికిని ఈ వ్యాధి వచ్చుటకు ఇదియొక హేతువు.

సుబ్బారావు 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరి, ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేయుటకును, బోదవ్యాధికి హెట్రజాను అను మందును కనుగొనుటకును నాయకత్వము వహించెను. 1948 ఆగస్టులో 53 ఏండ్ల వయస్సున న్యూయార్కున గుండెజబ్బుచే మరణించెను. స్వదేశమును మరల చూడలేదు. ఆయన పేరు ఎరుగనివారును ఆయన ఔషధములచే బ్రదికిరి.

బాలబాలికలారా! ప్రత్తిచేలలో, మిరపతోటలలో మన పెద్దలు పడిన శ్రమ వారి కండను కాపాడెను. ఆ శ్రమ నేడు మీకు లేదు. కాబట్టి నడక, పరుగు, ఆట, బరువులెత్తుట దినచర్యలో చేర్చుకొనుడు. పనిచేయు కండరము ఇన్సులిను సహాయము లేకయే కొంత చక్కెరను లోనికి గ్రహింపగలదు. తలిదండ్రులారా! పరీక్షలకు పఠించు బిడ్డను సాయంకాలమున ఆటస్థలమునకు పంపుట కాలము వ్యర్థము చేయుట కాదు. రెండుమార్లు తప్పిన బాలుడు లోకమునకు వైద్యుడయ్యెను. శరీరము చెడిన పిదప ఏ పట్టమును దానిని తిరిగి తేలేదు.