ఐ.ఎస్. సదన్ అంటే తెలుసు.. లక్ష్మీబాయమ్మ ఎవరో తెలుసా?

రావిర్యాల: సాగర్ రోడ్డు మీదుగా పట్నం వెళ్లే మన పల్లెల వాళ్లకు ఐ.ఎస్. సదన్ స్టేజీ తెలియనిది కాదు. కూరగాయల గంపలతో దిగేవారు, ఆస్పత్రికి పోయేవారు, చదువుకునే పిల్లలు రోజూ ఆ పేరు చెప్పి టిక్కెట్టు తీసుకుంటారు. ఐ.ఎస్. అంటే ఇందిరా సేవా సదన్ అనీ, అది దిక్కులేని పిల్లల కోసం వెలసిన ఆశ్రమమనీ తెలిసినవారు తక్కువ. దానికి ప్రాణం పోసిన సంగం లక్ష్మీబాయి మన ప్రాంతపు ఆడబిడ్డే అని తెలిసినవారు మరీ తక్కువ.

లక్ష్మీబాయి 1911లో ఘట్‌కేసర్‌లో పుట్టారు. అది నైజాం పాలన. బడి చదువంతా ఉర్దూలో సాగే రోజులు. ఆడపిల్లకు అక్షరం ఎందుకని పెద్దలే అడిగే కాలం. అటువంటి కాలంలో ఆమె చదువు కోసం ఊరు దాటి గుంటూరు వెళ్లారు. అక్కడ ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు ఆడపిల్లల కోసం నడిపిన శారదా నికేతన్‌లో చేరారు. ఆ తరువాత కార్వే మహిళా విశ్వవిద్యాలయంలోను, మద్రాసు ఆర్ట్స్ కళాశాలలోను చదివారు.

చదువు ఆమెను పుస్తకాలకే పరిమితం చేయలేదు. సైమన్ కమిషన్‌ను బహిష్కరించాలని దేశమంతా ఉద్యమించినపుడు విద్యార్థినిగానే అందులోకి దిగారు. 1930లో గాంధీజీ ఉప్పు సత్యాగ్రహానికి పిలుపునిచ్చారు. గంజిలో వేసుకునే ఉప్పుకు కూలివాడు సైతం తెల్లదొరకు పన్ను కట్టాల్సిన రోజులవి. లక్ష్మీబాయి సత్యాగ్రహంలో పాల్గొని ఏడాది జైలుశిక్ష అనుభవించారు. అప్పటికి ఆమెకు నిండా ఇరవై ఏళ్లు లేవు. ఆ అనుభవాలను తరువాతి కాలంలో 'నా జైలు జ్ఞాపకాలు-అనుభవాలు' అనే పుస్తకంగా రాశారు. తెలంగాణ స్త్రీలు తమ కథ తామే రాసుకున్న పుస్తకాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్న రోజుల్లో అది చిన్న విషయం కాదు.

హైదరాబాదులో తెలుగు ఆడపిల్లల చదువు, చైతన్యం కోసం ఏర్పడిన ఆంధ్ర యువతీ మండలి స్థాపనలోనూ ఆమె ముందున్నారు.

1951 ఏప్రిల్‌లో మన జిల్లాలోని శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. అక్కడి నుంచి ఆచార్య వినోబా భావే కాలినడకన తెలంగాణ పల్లెలకు బయలుదేరారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇవ్వడంతో భూదానోద్యమం మొదలైంది. ఆ తొలి పాదయాత్రలో లక్ష్మీబాయి పాలుపంచుకున్నారు. ఒకవైపు సాయుధ పోరాటం, మరోవైపు పోలీసు క్యాంపులు. పల్లెల్లో మగవాళ్లే పొద్దుగూకితే గడప దాటని రోజుల్లో ఒక స్త్రీ ఎండలో ఊరూరా నడవడం సాహసమే.

1952లో ఆమె హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, 1954 నుంచి 1956 వరకు విద్యాశాఖ ఉపమంత్రిగా పనిచేశారు. ఒకనాడు చదువు కోసం సొంత రాజ్యం విడిచి వెళ్లిన పిల్ల, ఆ రాజ్యపు చదువుల శాఖలోనే బాధ్యత చేపట్టారన్నమాట. 1957, 1962 ఎన్నికల్లో వికారాబాదు నుంచి, 1967లో మెదక్ నుంచి కాంగ్రెసు తరఫున లోక్‌సభకు గెలిచారు.

పదవులు వచ్చాయి, పోయాయి. ఆమె విడువనిది సేవ ఒక్కటే. ఇందిరా సేవా సదన్‌తో పాటు రాధికా ప్రసూతి గృహం, వాసు శిశువిహార్, ఒక ఉన్నత పాఠశాల నిర్వహణ బాధ్యతలను గౌరవ హోదాలో మోశారు. కాన్పుకు వచ్చే తల్లి, పాలు తాగే బిడ్డ, బడికి పోయే పిల్ల, ఎవరూ లేని అనాథ - ఈ నలుగురి అవసరాలూ ఒకే మనిషి పట్టించుకున్నారంటే ఆ మనసు ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు.

1979లో లక్ష్మీబాయి కన్నుమూశారు. జిల్లాల విభజనలో ఘట్‌కేసర్ 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో కలిసింది. వికారాబాదు వేరే జిల్లా అయింది. హద్దులు మారినంత మాత్రాన చుట్టరికం పోదు. ఆమె పేరు స్టేజీ పేరులో లేదు. కనుక మనమే చెప్పుకోవాలి. మన ఊళ్ల బడుల్లో ఏడాదికొక్కసారైనా పంతుళ్లు ఆమె కథ చెబితే, పై చదువుకు ఊరు దాటడానికి జంకే ఆడపిల్లలకు కొండంత ధైర్యం వస్తుంది.